అడగక్కర్లేని రిమోట్

తాతయ్యా, ఎలా ఉన్నావు?

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు వెళ్ళి ఏడో నెల నడుస్తోంది. ఎండలు చూశాం, వానలు చూశాం, కృష్ణలో ఎర్రటి కొత్తనీరు చూశాం. ఇప్పుడు దసరాకి మన వీధిలో లైట్లు కడుతున్నారు. ఎప్పట్లాగే మన డాబా మీద నుంచే వైరు లాగారు, ఎప్పట్లాగే మమ్మల్ని అడగలేదు.

వెళ్ళేవాడివి "వెళ్ళొస్తా" అని ఒక్క ముక్క అనలేదు... అనుంటే కనీసం గొడవ పెట్టుకునేదాన్ని.

నీ గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మొదట్లో తెలిసేది కాదు. ఒకరోజు పామర్రు నుంచి నీ పాత బేరగాడు ఒకాయన మన బట్టల కొట్టుకి వచ్చి "పెద్దాయన లేరా?" అన్నాడు. నాన్న "లేరండీ" అన్నాడు. "సరే అయితే, సాయంత్రం వస్తాలెండి" అని వెళ్ళిపోయాడు. నిజంగానే సాయంత్రం మళ్ళీ వచ్చాడు! రెండోసారి ఎలా చెప్పాలో తెలీక నాన్న ఆయనకి టీ ఇప్పించి, దుప్పట్లు చూపించి, ఊళ్ళో నాట్లెలా ఉన్నాయని అడిగి, చివరికి బస్సెక్కించే ముందు చెప్పాడు. ఆయన ఆ బస్సు వదిలేసి ఇంటికొచ్చి నాయనమ్మ దగ్గర కూర్చుని వెళ్ళాడు.

సరే, ఈ ఉత్తరం అందుకు కాదు. ఒక మహత్తర విజయాన్ని గూర్చి తమరికి నివేదిక సమర్పించుకోవాలి. దయచేసి సర్దుకుని కూర్చోండి. అక్కడ వాలుకుర్చీ ఇచ్చారా?

విషయం: రిమోటు.

నవ్వకు. చాలా సీరియస్ విషయం.

హాల్లో నీ సామ్రాజ్యం అలాగే ఉంది తాతయ్యా. గోడకి టీవీ. దాని కింద చెక్క స్టాండులో సెట్‌టాప్ బాక్సు. ఆ కింద అరలో నీ పంచప్రాణాలు పెట్టుకున్న ఆ పాత ఆంప్లిఫయరు. రెండు వైపులా ద్వారపాలకుల్లా నిలబడ్డ పెద్ద చెక్క స్పీకర్లు. అన్నిటి మీదా కొట్లో మిగిలిన చేనేత ముక్కలతో నువ్వు దగ్గరుండి కుట్టించిన తొడుగులు. చివరికి రిమోట్లకి కూడా సంచులు! టీవీ రిమోటుకి ఎర్రంచుది, బాక్సు రిమోటుకి పచ్చ గళ్ళది, ఆంప్లిఫయరు దానికి నీలంది. ఊళ్ళో అందరూ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తారు. మనింట్లో రిమోట్లు బట్టలు కట్టుకుంటాయి. మరి బట్టల కొట్టు వాళ్ళ ఇల్లాయె.

ఆ మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని నువ్వు కూర్చుంటే, మీ నాన్న మగ్గం ముందు కూర్చున్నట్టు ఉండేదని నాయనమ్మ అనేది. ఇది నొక్కి, అది నొక్కి, మూడోదాన్ని కాస్త పక్కకి వంచి, బెదిరించినట్టు ఒక్కటి నొక్కేవాడివి... అవతల సరిగ్గా నాయనమ్మ సీరియల్ పాట మొదలయ్యేది. ఆవిడ వంటింట్లోంచి వచ్చి కూర్చునే లోపల ఆవిడ లోకం సిద్ధంగా ఉండేది.

ఒక్కరోజు కూడా నాయనమ్మ "టీవీ పెట్టండి" అనడం నేను వినలేదు. నువ్వు విన్నావా?

ఆవిడ కంటి చూపు సంగతి ఎవరైనా అడిగితే నువ్వు బట్టల భాషలో చెప్పేవాడివి గుర్తుందా? "అంచు కనపడుతుందండీ, మధ్యలో బట్ట కనపడదు" అని. డాక్టరుగారు ఇంగ్లీషులో పావుగంట చెప్పినదానికన్నా అదే అందరికీ బాగా అర్థమైంది. నాకేసి చూస్తే నా చెవి కనపడుతుందట, నా మొహం కనపడదట. "నీ మొహంలో పెద్దగా పోగొట్టుకున్నదేం లేదులే" అని కూడా అంది, అది వేరే విషయం. ఆ చూపుతో మూడు రిమోట్ల మీద సన్నగా రాసున్న అక్షరాలు ఎక్కడ కనపడతాయి?

ఒకసారి నాకు చెప్పావు. "మీ నాయనమ్మ అడగదే. ఆవిడ అడిగేదాకా కూర్చున్నామంటే మనకి బుద్ధి లేనట్టు" అని. నేనప్పుడు ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టాను.

నువ్వు వెళ్ళాక మా బుద్ధి సంగతి బయటపడింది.

అంటే మేమేం రాక్షసులం కాదు. ఎవరికి గుర్తొస్తే వాళ్ళు పెట్టేవాళ్ళం. అమ్మ పోపు వేసి పరిగెత్తుకొచ్చి పెట్టేది. నాన్న కొట్టు కట్టేసి వచ్చాక పెట్టేవాడు. కానీ గుర్తు రాని రోజులు కూడా ఉంటాయి కదా...

ఆ ఆంప్లిఫయరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ నీలం సంచి ముడి కూడా విప్పలేదు.

అలాంటి ఒకరోజు నేను గన్నవరం ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో నాయనమ్మ ఒక్కతే ఉంది. తన కుర్చీలో నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, టీవీకి ఎదురుగా. టీవీ నల్లగా ఉంది. సీరియల్ టైము. నేను పెడతానుండమని రిమోటు సంచి కోసం చెయ్యి చాపాను.

"ఎందుకే శ్రమ. వినపడుతోందిగా" అంది.

అప్పుడు విన్నాను. పక్కింటి కిటికీలోంచి వాళ్ళ టీవీ వినపడుతోంది. అదే సీరియల్. నాయనమ్మ ఆ కిటికీ వైపు కాస్త చెవి ఒగ్గి కూర్చుని ఉంది.

తాతయ్యా, ఎన్ని రోజులుగా అలా వింటోందో అడిగే ధైర్యం నాకు రాలేదు. నీకు వచ్చేదా?

ఆ రోజే వీరశపథం చేశాను. ఈ ఇంట్లో నాయనమ్మ టీవీ నాయనమ్మే పెట్టుకోవాలి. ఒకే రిమోటు. మూడింటికీ పనిచేయాలి. చూడకుండా చేత్తో తెలియాలి. కిందపడితే చావకూడదు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా ఉండాలి. అన్నం ముందు కూర్చుని ఈ ప్రతిజ్ఞ ప్రకటించాను.

నాన్న మజ్జిగ పోసుకుంటూ తలెత్తలేదు. "నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివించాం. ఇన్నాళ్ళకి ఒక రిమోటు దాకా వచ్చింది" అన్నాడు.

"పోనీండి, మెల్లిగా మిక్సీ దాకా వస్తుంది" అంది అమ్మ.

మహాపురుషులందరికీ ఇంట్లో ఇంతే మర్యాద అనుకుని ఊరుకున్నాను.

మొదటి ప్రయత్నం చాలా ఆధునికంగా చేశాను. టీవీ వెనకాల గుచ్చే పుల్ల లాంటిది ఒకటి, దాంతోపాటు మాటలు వినే రిమోటు. బటనే అక్కర్లేదు, నోటితో చెబితే చాలు. తెలుగు కూడా వచ్చట! నాయనమ్మ చేతిలో పెట్టి, "దీనికి ఏం కావాలో చెప్పు నాయనమ్మా, అదే పెడుతుంది" అన్నాను.

నాయనమ్మ జుట్టు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. ఫోన్లో దూరపు చుట్టాలతో మాట్లాడినట్టు గట్టిగా, "అమ్మా... కాస్త టీవీ పెట్టు తల్లీ" అంది.

అది "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంది.

"అయ్యో, పాపం క్షమించమంటోందే. దానికే రాదు, ఇంక నాకేం పెడుతుంది?" అంది నాయనమ్మ.

నేను పట్టు వదలకుండా అరగంట నేర్పించాను. నాయనమ్మకి కాదు, దానికి. చివరికి ఎలాగో సీరియల్ వచ్చింది, అయిపోయింది. ఇప్పుడు కట్టేయమని చెప్పు నాయనమ్మా అన్నాను. అక్కడే నువ్వు అడ్డొచ్చావు తాతయ్యా. అవును, నువ్వే.

ఇంట్లో ఆర్పడం, అయిపోవడం అనే మాటలు వినపడకూడదని నువ్వు పెట్టిన రూలు. బియ్యం నిండుకుంటాయి. దీపం కొండెక్కుతుంది. దీపమేం ఖర్మ... మనింట్లో ట్యూబులైటు కొండెక్కుతుంది, ఫ్యాను కొండెక్కుతుంది, టీవీ కొండెక్కుతుంది. మా హాస్టల్లో మొదటిరోజు "లైటు కొండెక్కించవే" అంటే నా రూమ్మేటు కుర్చీ ఎక్కి నిలబడింది.

నాయనమ్మ చాలా స్పష్టంగా, అక్షరం అక్షరం పలుకుతూ, "ఇంక కొండెక్కించమ్మా" అంది.

అది ఎక్కించింది.

ఘాట్ రోడ్డు. మలుపులు. బస్సు. బస్సు ముందు కెమెరా. పైన గోపురం. మన దుర్గమ్మ కొండే తాతయ్యా! మన డాబా ఎక్కితే కనపడే కొండని చూపించడానికి అది ఇంటర్నెట్టంతా తిరిగి వచ్చింది.

నేను కట్టేయబోయాను. నాయనమ్మ నా చెయ్యి మీద ఒక్కటేసింది. "అమ్మవారి కొండ వచ్చాక మధ్యలో కట్టేస్తారటే?" అని చేతులు జోడించింది. ఇంటిల్లిపాదీ నిలబడి ఆ బస్సు పైకి చేరేదాకా చూశాం. ఆ బస్సు ఎంత నెమ్మదిగా ఎక్కిందనుకున్నావు!

నవ్వాం, బాగానే నవ్వాం. కానీ తర్వాత నాయనమ్మ ఆ రిమోటుని నా చేతిలో పెట్టేస్తూ ఒక మాట అంది. "మనుషుల్నే అడగని దాన్నే అమ్మడూ. ఇప్పుడు ఈ పుల్లని బతిమాలుకోవాలా?"

నా ఇంజనీరింగు డిగ్రీ అక్కడ చతికిలబడింది తాతయ్యా. అడగక్కర్లేని రిమోటు కావాలని ప్రతిజ్ఞ చేసి, అడిగితేనే పనిచేసే రిమోటు కొనుక్కొచ్చాను. ఇంత తెలివి నాకెవరి వైపు నుంచి వచ్చింది? నీ వైపు నుంచేనా?

తర్వాత ఒక నాజూకైన పిల్ల రిమోటు వచ్చింది. అద్దంలా నున్నగా, మెరుస్తూ. అమ్మకి తెగ నచ్చింది. బటన్లన్నీ చీమల్లా ఒకే సైజు, ఒకే వరస. నాయనమ్మ సౌండు పెంచబోతే కన్నడ వచ్చింది, తగ్గించబోతే పిల్లల బొమ్మలొచ్చాయి. రెండో రోజు కుర్చీ మీద నుంచి జారింది. మూత ఒక పక్కకి, బ్యాటరీలు ఇంకో పక్కకి... మళ్ళీ లేవలేదు. కుర్చీ ఎత్తు కూడా తట్టుకోలేని ప్రాణం అది.

అప్పుడు గుర్తొచ్చావు. కొట్లో కొత్తగా చేరినవాళ్ళకి నువ్వు చెప్పే మొదటి పాఠం. "కొట్లో అన్ని బట్టలూ బాగుంటాయి నాయనా. రెండో ఉతుకులో చూడు, ఏది బట్టో, ఏది బట్టలాంటిదో తెలుస్తుంది."

నేనేమో ఫోన్లో బొమ్మలు చూసి, రేటింగు నక్షత్రాలు చూసి కొంటున్నాను. అదీకాక, కట్టుకునే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి చీర ఎంచుతున్నాను!

శనివారం సెలవు పెట్టాను. నాయనమ్మని తయారవమన్నాను. "ఎక్కడికే?" అంది. "రిమోటు బేరానికి" అన్నాను. నువ్వు వెళ్ళాక ఆవిడ వీధిలోకి రావడం అదే మొదటిసారి తాతయ్యా. గంజి పెట్టిన ఆ వంకాయరంగు చీర కట్టింది. వన్ టౌన్ సందుల్లో నా చెయ్యి పట్టుకుని నడిచిందనుకుంటున్నావేమో... నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచాను. తోపుడుబండి ఎదురొస్తే నేను ఆగిపోతాను, ఆవిడ "తప్పుకో నాయనా" అని నడుస్తుంది. బండే తప్పుకుంది.

రిమోట్ల కొట్టు మన కొట్టుకి నాలుగు సందుల అవతలే ఉంది, తెలుసా? గోడ నిండా కవర్లలో వేలాడుతున్న రిమోట్లు, మూరెడు ఖాళీ లేకుండా. ఇన్ని నేను కాలేజీ ల్యాబులో కూడా చూడలేదు. అంటే, మా ల్యాబుకి తాళం వేసి ఉండేదనుకో.

కొట్టాయన "ఏ కంపెనీ అండీ?" అన్నాడు. నేను నా కోరికల దండకం మొత్తం చదివాను. మూడింటికీ ఒకటే, పాత రిమోటుని చూసి నేర్చుకునే రకం, చేత్తో తడిమితే తెలియాలి, గట్టిగా ఉండాలి. ఆయన అంతా విని, తళతళలాడేది ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది తీసుకోండి. లైఫ్‌లాంగ్ వస్తదండీ."

"ఎవరి లైఫు అబ్బాయ్? దానిదా, నాదా?" అంది నాయనమ్మ.

తర్వాత ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. నువ్వు కొత్త తాను చేతిలోకి తీసుకున్నట్టే... బొటనవేలితో అక్షరాల మీద రుద్దింది, అంచు తడిమింది, వెనక మూత నొక్కి చూసింది. తర్వాత చెయ్యి చాపి, వేళ్ళు విప్పేసింది.

టప్పుమని కిందపడింది. మూత ఎగిరి బల్ల కిందకి పోయింది.

"అయ్యో, జారిందబ్బాయ్. పెద్దదాన్ని కదా."

"పర్లేదు మామ్మగారూ" అని ఆయన ఇంకోటి ఇచ్చాడు. రుద్దడం, తడమడం, నొక్కడం... అదీ జారింది.

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీద రిమోట్ల వైపు చూశాను. మూడోది ఇచ్చినప్పుడు ఆయన బల్ల ఇవతలికి వచ్చి, నడుం వంచి, నాయనమ్మ చేతి కింద దోసిలి పట్టి నిలబడ్డాడు. స్లిప్స్‌లో ఫీల్డరులా.

నాయనమ్మకి ఆయన చేతుల అంచు కనపడినట్టుంది. "చేతులు తియ్యి అబ్బాయ్. ఇంట్లో నా కింద చేతులు పట్టడానికి ఎవరున్నారు?" అంది.

ఆవిడ మామూలుగానే అంది తాతయ్యా. బేరంలో అన్నట్టే అంది. నేనే గోడ మీద ఏదో కంపెనీ పేరు చాలా శ్రద్ధగా చదువుకోవాల్సి వచ్చింది.

ఆయన చేతులు తీసేశాడు. "మరి పగిలితే ఎట్టాగండీ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పగిలిందంటే పగిలేదే అమ్ముతున్నావన్నమాట. ముందే తెలిస్తే నీకూ మంచిదేగా" అంది నాయనమ్మ.

ఆయన పెద్దగా నవ్వేశాడు. లోపలికెళ్ళి, అట్టపెట్టెలు అటూ ఇటూ జరిపి, ఒకదాన్ని పట్టుకొచ్చాడు. ఎంత అందవికారంగా ఉందంటే... గేదె రంగు, గేదె ఒళ్ళు. నా అరచెయ్యంత వెడల్పు. "ఇది లాడ్జీల వాళ్ళకి ఇచ్చేది మామ్మగారూ. చూడ్డానికి బాగోదని ఇళ్ళకి ఎవరూ పట్టికెళ్ళరు" అన్నాడు.

నాయనమ్మ పట్టుకుంది. మందపాటి రబ్బరు బటన్లు, వేటికవే, మధ్యలో ఎడం. పైన వరసగా మూడు పెద్దవి. అక్షరాలు పైన రాసినవి కావు, లోపలికంటా పోసినవి. వెనక మూతకి స్క్రూ. చివర ఒక చిల్లు, లాడ్జీలో గొలుసేసి బల్లకి కట్టడానికట.

వేళ్ళు విప్పింది. ధన్‌మని పడింది. గచ్చుకి దెబ్బ తగిలిందేమో అని చూశాం. ఆయనే తీసి, బ్యాటరీలు వేసి ఎదురుగా ఉన్న టీవీ మీద నొక్కాడు. వెలిగింది. మళ్ళీ పడేసింది. మళ్ళీ వెలిగింది.

"ఇది చేతిలో ఉంటే ఉన్నట్టు తెలుస్తోందే" అంది నాయనమ్మ.

బట్టలో నువ్వు ఏది వెతికేవాడివో ఆవిడ రిమోటులో అదే వెతికింది. నీ పక్కన అన్నేళ్ళు కూర్చున్న మనిషి మరి! నాకెంత గర్వంగా ఉందంటే, వీధిలో ఎదురైన ప్రతివాడికీ ఆ గేదెని చూపించాలనిపించింది.

"సెట్ చేసిమ్మంటారా?" అన్నాడు కొట్టాయన. "అక్కర్లేదండీ, ఈసీఈ" అన్నాను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని. నాలుగేళ్ళుగా ఈ మాట అనడానికి సందర్భం కోసం చూస్తున్నాను.

కొత్త రిమోటుకి విద్య నేర్పాలంటే పాతదాన్నీ కొత్తదాన్నీ ముక్కుకి ముక్కు ఆనించి పడుకోబెట్టాలి. పాతదాంట్లో బటన్ నొక్కితే, అది చెప్పింది కొత్తది వింటుంది, గుర్తు పెట్టుకుంటుంది. అచ్చం చెవిలో మంత్రోపదేశమే. పైనున్న మూడు పెద్ద బటన్లలో మొదటిది టీవీకి, రెండోది బాక్సుకి, మూడోది ఆంప్లిఫయరుకి అనుకున్నాం. టీవీ రిమోటు, బాక్సు రిమోటు చకచకా చెప్పేశాయి. మిగిలింది నీలం సంచి.

సంచి ముడి నాయనమ్మే విప్పింది.

"బ్యాటరీలు నిండుకున్నాయేమో చూడు" అంది. నిండుకోవడమా... నీరు కారి, తుప్పు పట్టి, స్ప్రింగులు పచ్చగా ఉన్నాయి. కొత్తవి వేసినా ఉలకదు పలకదు. ఇదొక్కటీ నేర్పకపోతే నీ స్పీకర్లు ఇంక ద్వారపాలకులుగానే మిగిలిపోతాయి. అప్పుడు తాతయ్యా, నీ మనవరాలు నిమ్మచెక్కతో రుద్ది, గరుకు కాగితంతో గీకి, దూదితో తుడిచి, మళ్ళీ బ్యాటరీలు వేసింది. ఊహూఁ. అప్పుడు నాయనమ్మ "మీ తాత కాస్త పక్కకి వంచి నొక్కేవాడే" అంది.

వంచాను. బెదిరించినట్టు నొక్కాను.

కొత్తదాని మీద చిన్న దీపం మిణుక్కుమంది. విన్నదట! సౌండు పెంచడం, తగ్గించడం కూడా అలాగే చెప్పింది, ఒక్కోటీ రెండు మూడు సార్లు నొక్కించుకుని. నాలుగో బటన్ నొక్కేసరికి ఇంక పలకలేదు. చెప్పాల్సినవి చెప్పేసింది కదా... మళ్ళీ నీలం సంచిలోనే పెట్టాం దాన్ని. పారేయలేదులే.

తర్వాత నాయనమ్మ లోపలికెళ్ళి ఒక అట్ట పట్టుకొచ్చింది. రాళ్ళు పొదిగిన బొట్టుబిళ్ళల అట్ట. కంగారుపడకు, ఆవిడ నుదుట మెరూన్ బిళ్ళ అలాగే ఉంది. నువ్వు వెళ్ళినప్పుడు ఎవరెవరో ఏవేవో అన్నారు. అమ్మ వాళ్ళందరికీ కాఫీలిచ్చి, "మా అత్తయ్య బొట్టు సంగతి మా అత్తయ్య చూసుకుంటారండీ" అంది. ఆ ఒక్క మాటే. ఆ విషయం నీకు చెప్పాలనుకుంటూనే ఉన్నాను.

"ఈ రాళ్ళవి పెళ్ళిళ్ళకి కొనుక్కున్నానే. దీనికి పెట్టు, చేతికి తెలుస్తాయి" అంది. మొదటి బటన్‌కి ఒకటి, సౌండు బటన్‌కి ఒకటి అంటించాం. రిమోటుకి బొట్టు పెట్టాం తాతయ్యా! కొబ్బరికాయ కొట్టడమొక్కటే తక్కువ. ఆ చివర చిల్లులోంచి జరీ అంచు పీలిక ఒకటి దూర్చి, నాయనమ్మ తన కుర్చీ చేతికి ముడి వేసింది. లాడ్జీ గొలుసు కోసం పుట్టింది, జరీకి నోచుకుంది. అదృష్టమంటే దానిది.

ఇక ఆ సాయంత్రం సంగతి.

సీరియల్ టైముకి ఇంట్లో అందరికీ హఠాత్తుగా పనులు గుర్తొచ్చాయి. అమ్మకి వంటింట్లో. నాకు కూడా వంటింట్లోనే. కొట్టు తొందరగా కట్టేసి వచ్చిన నాన్నకి, ఏం ఆశ్చర్యమో, వంటింట్లోనే. ముగ్గురం తలుపు వెనకాల ఒకరి మీద ఒకరం నిలబడ్డాం.

నాయనమ్మ కుర్చీలో సర్దుకుంది. పీలిక లాగింది, రిమోటు చేతికొచ్చింది. బొట్టుబిళ్ళ తడిమింది. నొక్కింది. టీవీ వెలిగింది.

రెండోది నొక్కింది... తెర నీలంగా మారి, అలాగే ఉండిపోయింది. చప్పుడు లేదు.

మధ్యాహ్నం నేనే బాక్సుని పరీక్షించి కట్టేయడం మరిచిపోయాను. అది అప్పటికే మేలుకుని ఉంది. ఆవిడ నొక్కితే నిద్రపోయింది! పక్కింటి కిటికీలోంచి పాట మొదలైంది. నేను అడుగు ముందుకేశాను. నాన్న నా జబ్బ పట్టుకుని ఆపాడు. తల అడ్డంగా ఊపాడు.

నాయనమ్మ మమ్మల్ని పిలవలేదు. పిలవదని నీకు తెలుసు. కానీ ఈసారి కిటికీ వైపు కూడా తిరగలేదు. కాసేపు అలాగే విన్నది, ఏదో లెక్క చూసుకున్నట్టు. మళ్ళీ బొట్టుబిళ్ళ దగ్గర్నుంచి వేలు జరుపుకుంటూ వచ్చి, రెండోదే ఇంకోసారి నొక్కింది. ఆగింది.

వచ్చింది తాతయ్యా! మాటలు వచ్చాయి, బొమ్మ వచ్చింది.

ఆ ఊపులో మూడోది కూడా నొక్కేసింది.

నువ్వు చివరిసారి ఆ ఆంప్లిఫయరు ఎంత సౌండులో పెట్టావో నీకు గుర్తుందా? మాకెవరికీ గుర్తు లేదు. నీ చెవులకి సరిపడా పెట్టావు. సీరియల్లో అత్తగారు కోడల్ని తిట్టిన తిట్టు మన గోడలు దాటి, సందు దాటి, ఎదురు వరస డాబాల మీద బట్టలు తీస్తున్నవాళ్ళ దాకా వెళ్ళింది. అలమరలో గ్లాసులు గలగలలాడాయి. లైట్లు కట్టేవాళ్ళు నిచ్చెన మీద నుంచి తొంగి చూశారు.

ఆ హోరులో నాయనమ్మ గొంతు వినపడింది. "చూడవే! మీ తాత సౌండు తగ్గించకుండానే వెళ్ళిపోయాడు!"

రెండో బొట్టుబిళ్ళ వెతుక్కుని, ఒక్కొక్క మెట్టూ తగ్గించింది. తొందరపడలేదు. నీ సౌండు మొత్తం ఒక్కసారిగా తీసేయడం ఇష్టం లేనట్టు... లేక నాకే అలా అనిపించిందా?

మేం ముగ్గురం నవ్వాం. నాన్న కాస్త ఎక్కువసేపు, గోడ వైపు తిరిగి నవ్వాడు.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. "ఏంటండీ పిన్నిగారూ, ఎవరు పెట్టారు అంత సౌండు?" అని.

"నేనే పెట్టానమ్మా" అంది నాయనమ్మ. ఆ "నేనే" ఎలా అందో నువ్వు వినాల్సింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఈ ఇంట్లో అంత గర్వం వినపడలేదు.

ఇదీ నివేదిక. రిమోటు ఆరోగ్యం భేషుగ్గా ఉంది. ఇప్పటికి చాలాసార్లు పడింది, ఒకసారి మజ్జిగలో కూడా పడింది. తుడిస్తే చాలు. గచ్చు మీద మాత్రం రెండు గీతలు పడ్డాయి. బ్యాటరీల సంగతి నాకు వదిలెయ్. పండక్కొకసారి మార్చేస్తాను, అవి బాగున్నా సరే. ఆవిడ వేలు నొక్కి, అది పలకని రోజు నేనుండగా రాదు. ఇది నా మాట.

కానీ తాతయ్యా, ఒక చిన్న ఫిర్యాదు. ఆ పీలిక ముడి మాలో ఎవరికీ విప్పడం రావట్లేదు. రిమోటు కావాలంటే ఆవిడ కుర్చీ దగ్గరికే వెళ్ళాలి. నాన్నేమో వార్తల కోసం "అమ్మా, ఒక్క ఐదు నిమిషాలే అమ్మా" అని నిలబడతాడు. "ఈ సీను కానీ" అంటుంది. అమ్మ వంటల ప్రోగ్రాం అడిగితే, "నీకు వచ్చిన వంటే కదమ్మా" అంటుంది. నిన్న నేను మ్యాచ్ పెట్టమని అడిగితే, "ఎవరు గెలుస్తారో రేపు పేపర్లో వేస్తారుగా" అంది.

ఈ ఇంట్లో ఇప్పుడు అందరం అడుగుతున్నాం. ఒక్క ఆవిడ తప్ప.

ఉంటాను మరి. ఆఖరి ఓవర్లు మొదలయ్యేలా ఉన్నాయి... కుర్చీ దగ్గర నాకన్నా ముందు నాన్న ఒక్కడే ఉన్నాడు.

నీ మనవరాలు